కొత్త అలెన్ సాకెట్ సెట్టు: పనిలోకి దించే ముందు ఇంట్లో ఎట్టా పరీక్షించాలి

కొత్త అలెన్ సాకెట్ సెట్టు, అంటే చివర ఆరు పలకల బిట్టు ఉన్న సాకెట్ల పెట్టె, చేతికి రాగానే దాన్ని నేరుగా పనిలోకి దించొద్దు. పెట్టె తెరిస్తే మెరుస్తూ ఉంటుంది, చేయి ఊరుకోదు, అది నాకూ తెలుసు. కానీ అలెన్ బోల్టుతో వ్యవహారం వేరు. మామూలు బోల్టు తల అరిగితే బయటి నుంచి పైపు రెంచితోనో, వైస్ గ్రిప్పుతోనో పట్టుకునే దారి ఉంటుంది. అలెన్ బోల్టుకి పట్టంతా లోపలి గుంటలోనే. ఆ గుంట ఆరు మూలలూ ఒకసారి గుండ్రం అయ్యాయంటే ఇక తలకి డ్రిల్లు వేయాలి, లేదా వెల్డర్ని పిలిచి పైన నట్టు అతికించి తిప్పాలి. రెండూ మెషిన్ ఆగిపోయి, ఓనరు పక్కన నిలబడి చూస్తుండగా చేయాల్సిన పనులే. సెట్టు ఖరీదు ఎంతైనా, ఒక్క బోల్టు పాడైతే పోయే పూట దానికంటే ఖరీదు.

నేను ఉండేది ఒంగోలు. పని చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ ఫ్యాక్టరీల్లో, మెషిన్ మెయింటెనెన్సు. గ్యాలక్సీ రాయి కోసే వైర్‌సాలు, పాలిషింగ్ లైన్లు, కంప్రెసర్లు, హైడ్రాలిక్ పవర్‌ప్యాకులు, వీటిలో ఏది విప్పాలన్నా ముందు ఎదురయ్యేది అలెన్ బోల్టే. దానికి తోడు రాయి కోసిన నీళ్ళ స్లర్రీ బోల్టు గుంటల్లో చేరి, ఎండాక సిమెంటులా పట్టుకుంటుంది. అట్టాంటి చోట బిట్టు మంచిదో కాదో బోల్టు మీద తేల్చుకోకూడదు. ఇంట్లో, వైసు దగ్గర తేల్చుకోవాలి.

పరీక్షల్లో ఒక వరస పాటించండి. సెట్టు మీద గీత పడని పరీక్షలు ముందు, గీత పడేవి తర్వాత. ఆన్‌లైన్లో కొన్నదైతే వాపసు గడువు కొద్దిరోజులే ఉంటుంది, ఒంగోలు ట్రంకు రోడ్డులో షాపులో కొన్నదైనా వాడిన గుర్తు కనపడితే వెనక్కి తీసుకోం అంటారు. కొలతలో, కుదురులో దొరికిపోయే సెట్టుని బలం పరీక్ష దాకా తీసుకెళ్ళకుండానే వాపసు చేయొచ్చు. పార్సిల్ అయితే పెట్టె తెరిచేటప్పుడే ఫోనులో వీడియో తీసిపెట్టుకోండి.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. ఒక వెర్నియర్ క్యాలిపర్, గట్టి వైసు, కొత్త అలెన్ బోల్టులు సైజుకి ఒకటి రెండు. షాపులో 12.9 గ్రేడు అని అడిగి తీసుకోండి, తల మీద ఆ అంకె కొట్టి ఉంటుంది. అంకె లేని బోల్టు తెచ్చుకోవద్దు, అది ముందే మెత్తగా ఉంటే బిట్టు తప్పో బోల్టు తప్పో తెలియదు. ఇంకా ఒక సైకిలు స్పోకు, ఇంట్లో ఆడవాళ్ళ గోళ్ళరంగు సీసా, కళ్ళద్దాలు. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచి ఉంటే మంచిది, లేకపోతే ఏం చేయాలో కింద చెప్తాను.

ముందు పెట్టెలో సైజులు

పెట్టె మీద పీసుల లెక్క చూసి సంతోషపడొద్దు. మీరు విప్పే బోల్టులకి ఏ బిట్లు కావాలో ఆ లెక్క చూడండి. ఎం5 అంటే మర మందం 5 మిల్లీమీటర్లు ఉండే బోల్టు. పొడుగు తల ఉండే మామూలు అలెన్ బోల్టుల్లో ఎం5 కి 4 మిల్లీమీటర్ల బిట్టు, ఎం6 కి 5, ఎం8 కి 6, ఎం10 కి 8, ఎం12 కి 10, ఎం16 కి 14, ఎం20 కి 17. బటన్ తల బోల్టుకీ, కౌంటర్‌సంక్ బోల్టుకీ ఒక మెట్టు చిన్నది పడుతుంది: ఎం6 కి 4, ఎం8 కి 5, ఎం10 కి 6, ఎం12 కి 8. పుల్లీలనీ కప్లింగులనీ షాఫ్టు మీద పట్టి ఉంచే తల లేని గ్రబ్ స్క్రూలకి ఇంకా చిన్నవి: ఎం6 కి 3, ఎం8 కి 4, ఎం10 కి 5.

చాలా సెట్లలో 9, 11 వేసి లెక్క నింపుతారు. ఆ రెండూ నేను వాడే మెషిన్ల మీద కనపడవు. 7 మాత్రం అనవసరం అనొద్దు, కొన్ని కార్ల బ్రేక్ క్యాలిపర్ పిన్నులకి అదే కావాలి. ఫ్యాక్టరీ పని చేసేవాళ్ళు 14, 17 ఉన్నాయా లేదా చూడండి. చిన్న సెట్లు 10 తోనో 12 తోనో ఆగిపోతాయి, ఎం16 బోల్టు ముందు నిలబడ్డాక ఆ సంగతి తెలిస్తే లాభం లేదు.

అంగుళాల బిట్లు కూడా కలిపి వచ్చే సెట్టు అయితే వాటిని ఆరోజే వేరే డబ్బాలోకి తీసేయండి. 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు, 8 గుంటలో దాదాపు సరిపోతుంది, పెద్ద ప్రమాదం లేదు. 7/32 సంగతి అట్టా కాదు. అది 5.56. ఎం8 బోల్టు గుంటలో హాయిగా దూరుతుంది, దూరింది కదా అని హెల్పరు కుర్రాడు లాగుతాడు, మూలలు పోతాయి. 3/16 కూడా అంతే, 4.76 కాబట్టి 5 గుంటలో దూరుతుంది. 3/8 అంటే 9.53, అది 10 గుంటలో దూరుతుంది. మన ఫ్యాక్టరీల్లో ఉండే ఇటలీ యంత్రాలు దాదాపు అన్నీ మిల్లీమీటర్ల లెక్కే. అంగుళాల బిట్లు పాత కంప్రెసరు ఏదైనా వస్తే తీద్దాం.

వెర్నియర్‌తో కొలత

బిట్టుని శుభ్రంగా తుడవండి. ఫ్యాక్టరీ నూనె, మైనం పూత మీద కొలిస్తే తప్పు వస్తుంది. ఎదురెదురు పలకల మధ్య కొలవాలి, ఆరు పలకలు కాబట్టి మూడు కొలతలు వస్తాయి. చివర నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి ఒకసారి, మధ్యలో ఒకసారి కొలవండి. మూడు వైపులా ఒకటే అంకె రావాలి. ఒక వైపు 7.96, ఇంకో వైపు 7.88 వస్తే అది ఆరు పలకలూ సమానంగా తిప్పిన బిట్టు కాదు, బలమంతా రెండు మూలల మీదే పడుతుంది.

అంకె ఎంత ఉండాలి? కొలత ఎప్పుడూ చెప్పిన సైజుకి మించకూడదు, కొంచెం తక్కువే ఉండాలి. 5 నుంచి 10 దాకా సైజుల్లో ఆ తగ్గుదల మిల్లీమీటరులో పదో వంతు లోపే ఉండాలి. బోల్టు గుంట అటువైపు కొంచెం పెద్దగా ఉంటుంది: 6 గుంట 6.02 నుంచి 6.14 దాకా, 8 గుంట 8.025 నుంచి 8.175 దాకా. అంటే సరైన బిట్టుకీ సరైన బోల్టుకీ మధ్యే కొంత సందు ఉంది. బిట్టు అంతకంటే ఎక్కువ తగ్గిపోయిందంటే సందు పెరిగి, పలక మీద పడాల్సిన బలం మూల అంచు మీదకి మారిపోతుంది. 8 బిట్టు 7.85 చూపిస్తే నేను ఆలోచించను, వాపసే. మంచి సెట్లలో 8 బిట్టు 7.95 కీ 7.99 కీ మధ్య వస్తుంది, అదీ మీకు కావాల్సింది.

వెర్నియర్ లేనివాళ్ళు స్పోకు పరీక్ష చేయండి, ఉన్నవాళ్ళు కూడా చేయండి, ఎందుకంటే ఇది కొలత కాదు, కుదురు. కొత్త ఎం10 బోల్టుని వైసులో నిలువుగా బిగించి 8 బిట్టు సాకెట్‌ని అందులో పూర్తిగా దించండి. దిగేటప్పుడు సుత్తి అవసరం రాకూడదు, తీసేటప్పుడు లాగాల్సిన పని ఉండకూడదు. ఇప్పుడు సైకిలు స్పోకుని సాకెట్‌కి అడ్డంగా టేపు చుట్టి అంటించండి, సాకెట్ మధ్య నుంచి స్పోకు చివరికి 28 సెంటీమీటర్లు ఉండేట్టు. వేలితో సాకెట్‌ని అటూ ఇటూ ఆడించి, స్పోకు చివర ఎంత దూరం ఊగుతుందో చూడండి. ఒకటిన్నర సెంటీమీటరు లోపు ఊగితే బాగుంది. మూడు సెంటీమీటర్లు దాటితే బిట్టు పలచన, లేదా బిట్టు సాకెట్ లోపలే కదులుతోంది. ఏది కదులుతోందో సందులో గోరు పెట్టి ఆడిస్తే చేతికి తెలుస్తుంది. ఈ అంకెలు 8 బిట్టుకి లెక్కవేసి చెప్పినవి. బిట్టు చిన్నదయ్యే కొద్దీ అదే సందుకి ఊపు ఎక్కువ కనపడుతుంది, కాబట్టి 4 ని 8 తో పోల్చొద్దు.

బిట్టు మొన

నేను ఎక్కువసేపు చూసేది ఇక్కడ. బిట్టు చివర గుంటలోకి తేలిగ్గా దూరడానికి అంచు కొంచెం వాలుగా చెక్కుతారు. ఆ వాలు అర మిల్లీమీటరు ఉంటే చాలు. కొన్ని సెట్లలో ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా, పెన్సిలు చెక్కినట్టు చెక్కి ఉంటుంది. ఆ ఒకటిన్నర పట్టుకి పనికిరాదు. అదేం పెద్ద విషయం అనిపించొచ్చు. ఎం8 బోల్టు గుంట లోతు ప్రమాణం ప్రకారం కనీసం 4 మిల్లీమీటర్లు. ఎం6 ది 3. ఎం10 ది 5. అందులో ఒకటిన్నర వాలుకే పోతే ఎం6 బోల్టులో సగం పట్టు పోయినట్టే. బటన్ తల బోల్టు అయితే ఇంకా అన్యాయం: ఎం8 బటన్ తల గుంట కనీస లోతు 2.6 మిల్లీమీటర్లే, ఎం6 ది 2.08. అందులో వాలు పోను మిగిలేది లెక్కవేసుకోండి. రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్ల పని చేసేవాళ్ళు కొత్తపట్నం వైపు చాలామంది ఉన్నారు, ఆ ఏరేటర్ల మీద స్టెయిన్‌లెస్ స్టీలు బటన్ తల బోల్టులు వాడినచోట ఈ వాలు ఎక్కువున్న బిట్టు వేస్తే ఆ స్టీలు మెత్తన కాబట్టి మొదటి లాగుడుకే గుంట అరుగుతుంది. వాళ్ళు ఈ ఒక్క విషయం చూసి సెట్టు ఎంచుకున్నా తప్పులేదు.

వాలు కొలవడానికి బిట్టుని వెలుతురులో పక్కకి పట్టుకుని, వెర్నియర్ వెనక లోతు పుల్లతోనో, మామూలు స్టీలు స్కేలుతోనో చూస్తే చాలు. ఫోను కెమెరాలో జూమ్ చేసి ఫొటో తీస్తే మూలలు కూడా కనపడతాయి. మూలలు పదునుగా, ఒక గీతలా ఉండాలి. మెరిసే క్రోమ్ పూత దట్టంగా వేసిన బిట్లలో మూల గుండ్రంగా, మెత్తగా కనిపిస్తుంది. అసలు బిట్టుకి క్రోమ్ పూత నాకు నచ్చదు. సాకెట్‌కి వేసుకోమనండి, బిట్టు నల్లగానో, ఇసకతో కొట్టిన బూడిద రంగులోనో ఉండటమే మంచిది. పూత పొరలుగా లేస్తే ఆ రేకు బోల్టు గుంట అడుగున పడి బిట్టుని పూర్తిగా దిగనివ్వదు.

ఇక బిట్టు నిటారుగా ఉందో లేదో చూడటానికి, సాకెట్‌ని పొడుగు ఎక్స్‌టెన్షన్‌కి తగిలించి, ఎక్స్‌టెన్షన్‌ని రెండు అరచేతుల మధ్య తిప్పండి. మొన ఒకచోట నిలిచి తిరగాలి. చిన్న వట్రువ కడితే బిట్టుని వంకరగా దిగ్గొట్టారు. కొంచెం వంకర పెద్ద నష్టం చేయదు, పొడుగు బిట్లలో అయితే మాత్రం కప్లింగు లోపల బోల్టుని వెతుక్కునేటప్పుడు విసుగు పుట్టిస్తుంది.

సాకెట్ వెనక, హ్యాండిల్ దూరే చదరం గుంట వైపు పని తొందరగా అయిపోతుంది. హ్యాండిల్‌కి తగిలిస్తే దాని మీదుండే చిన్న బంతి టక్కుమని పడాలి, తలకిందులు చేసి ఊపినా ఊడిపోకూడదు, పీకితే రావాలి.

బిట్టు, సాకెట్ కలిసే చోటు

ఈ సాకెట్లలో ఎక్కువ భాగం రెండు ముక్కలే. గట్టి ఉక్కుతో చేసిన బిట్టుని క్రోమ్ వెనేడియం సాకెట్‌లోకి ప్రెస్సులో దిగ్గొడతారు. కొన్నింటిలో అడ్డంగా రోల్ పిన్ను వేస్తారు, కొన్నింటిలో చిన్న గ్రబ్ స్క్రూతో పడతారు. పిన్నో స్క్రూనో ఉంటే బిట్టు విరిగినప్పుడు బిట్టు మాత్రమే మార్చుకోవచ్చు, ఆ సౌకర్యం ఉన్న సెట్టుకి నేను కొంచెం ఎక్కువ డబ్బులు పెట్టడానికి సిద్ధం. ఏదీ లేకుండా ఉత్త ప్రెస్ మీదే ఆధారపడితే ఆ ప్రెస్ గట్టిగా ఉండాలి.

ఎందుకింత చెప్తున్నానంటే, ఒక ఫ్యాక్టరీలో పాలిషింగ్ హెడ్డు విప్పుతుండగా వాళ్ళ టూల్‌రూములో ఉన్న సెట్టు ఇచ్చారు. 10 బిట్టు బోల్టు గుంటలో స్లర్రీతో కలిసి బిగుసుకుంది. సాకెట్ పైకి లాగితే సాకెట్ ఒక్కటే వచ్చింది, బిట్టు బోల్టులోనే ఉండిపోయింది. మొన ఏమో గుంటలో, పైకి కనిపించేది రెండు వేళ్ళు కూడా పట్టనంత ముక్క. "అన్నా, సుత్తితో కొడదామా" అన్నాడు కుర్రాడు. కొడితే ఇంకా లోపలికి పోతుంది. చివరికి చుట్టూ కిరసనాయిలు పోసి నానబెట్టి, ప్లయర్‌తో పట్టి కొద్దికొద్దిగా తిప్పి తీశాం. మధ్యాహ్నమంతా లైను ఆగింది.

అందుకని ప్రతి బిట్టునీ వైసులో పట్టండి, దవడల మధ్య రాగి రేకో, అల్యూమినియం ముక్కో పెట్టి, గీత పడకుండా. సాకెట్‌ని చేత్తో గట్టిగా పైకి లాగండి, పక్కకి ఆడించండి, తిప్పండి. వెంట్రుకంత కదలిక కూడా ఉండకూడదు. కదిలితే వెనక్కి పంపండి. రిటైనింగ్ కాంపౌండ్ వేసి అతికించుకోవచ్చు, అది పాత సెట్టుకి చేసే వైద్యం. కొత్త సెట్టుకి డబ్బులిచ్చి మనం రిపేరు ఎందుకు చేయాలి?

బలం పరీక్ష

ఇక్కడి దాకా నెగ్గిన సెట్టుని బోల్టు మీద పెట్టండి. రెండు మందపాటి ఇనప పట్టీలకి రంధ్రం వేసి, కొత్త 12.9 బోల్టు, కింద నట్టు వేసి వైసులో పట్టండి. మరలకి ఒక చుక్క నూనె. కళ్ళద్దాలు తప్పనిసరి.

బిగించే ముందు గోళ్ళరంగు తీసుకుని, సాకెట్ మీద మొదలుపెట్టి బిట్టు మీదుగా మొన దగ్గర దాకా ఒక సన్నటి నిలువు గీత గీయండి. పూర్తిగా ఆరనివ్వండి. ఈ గీత చూపించేది కంటికి మామూలుగా కనపడదు. బలం పడ్డాక సాకెట్ అంచు దగ్గర గీత తెగి, పై ముక్కకీ కింది ముక్కకీ మధ్య తేడా వచ్చిందంటే బిట్టు సాకెట్ లోపల తిరుగుతోంది. గీత తెగకుండా బిట్టు మీద మెలికగా వాలిందంటే బిట్టు ఉక్కే మెలిపడింది, మెత్తన ఉక్కు. గీత నిటారుగానే ఉందంటే బిట్టూ ప్రెస్సూ రెండూ బాగున్నాయి. గోళ్ళరంగు ఎండాక పెళుసుగా ఉంటుంది, అందుకే కొద్దిపాటి కదలికకి కూడా పగులు కనిపిస్తుంది. మార్కర్ పెన్ను ఇంత బాగా చూపించదు.

ఎంత బలం వేయాలి? బోల్టుకి ఎంత బిగువు కావాలో అంత. 12.9 గ్రేడు బోల్టుకి ఉరామరిగా ఎం6 కి 16 న్యూటన్ మీటర్లు, ఎం8 కి 40, ఎం10 కి 80, ఎం12 కి 135. ముందు అందులో సగం వేసి గీత చూడండి, తర్వాత పూర్తిగా. ఆపైన విప్పండి. బిగించినప్పుడు కంటే విప్పినప్పుడు బిట్టు అవతలి పలకల మీద పని చేస్తుంది కాబట్టి రెండువైపులా తెలుస్తుంది.

టార్క్ రెంచి లేకపోతే సామాన్లు తూచే వేలాడే కాటా చాలు. హ్యాండిల్ మీద సాకెట్ మధ్య నుంచి సరిగ్గా 30 సెంటీమీటర్ల దగ్గర గుర్తు పెట్టి, అక్కడ కాటా కొక్కెం తగిలించి, హ్యాండిల్‌కి సరిగ్గా అడ్డంగా లాగండి. 13.6 కిలోలు చూపిస్తే 40 న్యూటన్ మీటర్లు. 27 కిలోలు చూపిస్తే 80. ఎం12 కి 60 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుని 23 కిలోలు లాగితే 135 అవుతుంది. హ్యాండిల్‌ని మనవైపు లాగాలి, తోయకూడదు. బిట్టు విరిగితే తోసేవాడి వేళ్ళు వైసుకి తగులుతాయి. గట్టి ఉక్కు బిట్టు వంగి చెప్పదు, టప్పుమని విరుగుతుంది.

పూర్తయ్యాక బిట్టు తీసి, మొన దగ్గర మూలల్ని గోటితో తడమండి. ఎక్కడా అంచు ఒత్తుకుపోకూడదు, చిన్న పొర లేవకూడదు. మెరుపు గీత పడితే ఫరవాలేదు. తర్వాత బోల్టు గుంటని కూడా చూడండి, చాలామంది ఇది మరిచిపోతారు. ఆరు మూలల్లోనూ గుర్తు సమానంగా ఉంటే బిట్టు ఆరు వైపులా పట్టింది. రెండు మూలల్లోనే లోతుగా నొక్కుకుంటే బిట్టు సైజు సమానంగా లేదు, వెర్నియర్ చెప్పిన మాటే బోల్టు మళ్ళీ చెప్పింది.

ఆకురాయి పరీక్ష ఆఖరున. వాపసు చేసే ఆలోచన ఇక లేదనుకున్నాకే చేయండి. బిట్టు మొదట్లో, సాకెట్ దగ్గరి మూల మీద, సన్నపళ్ళ ఆకురాయితో ఒక్కసారి తోయండి. ఎస్2 ఉక్కు (పనిముట్లకి వాడే గట్టి ఉక్కు రకం) అని రాసి ఉన్న బిట్టు నిజంగా ఎస్2 అయి, సరిగ్గా గట్టిపరిచి ఉంటే దాని గట్టితనం రాక్‌వెల్ సి కొలతలో 58 నుంచి 62 దాకా ఉంటుంది. ఆకురాయి దాని మీద జారిపోతుంది, గాజు మీద తోసిన శబ్దం వస్తుంది. పొడి రాలి, తెల్లటి గాడి పడితే పెట్టె మీద ఏం రాసినా అది ఎస్2 పనితనం కాదు. సాకెట్ భాగం మీద ఇదే చేస్తే కొంచెం కోస్తుంది, అది తప్పు కాదు. సాకెట్ ఆమాత్రం మెత్తగా ఉండాలి, లేకపోతే పగులుతుంది.

బాల్ మొన బిట్లూ, గన్నూ

సెట్టులో బాల్ మొన బిట్లు వస్తే వాటిని బలం పరీక్ష చేయొద్దు. అవి 25 డిగ్రీల దాకా వాలుగా పెట్టి, వదులైన బోల్టుని తొందరగా తిప్పడానికి. మెడ దగ్గర సన్నగా ఉంటుంది, మొదటి బిగువు విడగొట్టడానికి వాడితే బంతి విరిగి గుంటలో ఉండిపోతుంది. వాటికి చూడాల్సింది ఒక్కటే: వాలుగా పెట్టి తిప్పినప్పుడు ఎక్కడా జారకుండా చుట్టూ తిరుగుతుందా అని.

ఇంపాక్ట్ గన్నుకి మెరిసే క్రోమ్ సాకెట్లు పెట్టొద్దు. గన్ను దెబ్బలకి పనికొచ్చే బిట్టు సాకెట్లు వేరే ఉంటాయి, నల్లగా, గోడ మందంగా, క్రోమ్ మాలిబ్డినం ఉక్కుతో. సెట్టు నల్లగా ఉంది కదా అని కూడా గన్నుకి వాడకూడదు, పెట్టె మీద ఇంపాక్ట్ అని స్పష్టంగా రాసి ఉండాలి.

పొడుగు బిట్లకి ఒక లక్షణం ఉంది, తెలిసి ఉండాలి. బలం వేసినప్పుడు అవి కొంచెం మెలితిరిగి, వదిలితే వెనక్కి వస్తాయి. అది లోపం కాదు. హ్యాండిల్ కదిలింది కదా, బోల్టు విడిందని మాత్రం అనుకోవద్దు. గోళ్ళరంగు గీత ఇక్కడా పనికొస్తుంది: బలం వదిలాక గీత నిటారుగా వచ్చేసిందా, వంకరగానే ఉండిపోయిందా, అదే చూడాలి.

ఏది ఉంచాలి, ఏది పంపాలి

పెట్టె మూత సరిగ్గా పడకపోవడం, సాకెట్ల గాడులు వదులుగా ఉండటం, సైజు అంకెలు చెరిగిపోయే రంగుతో వేయడం, ఇవి చిరాకే, వాపసు పంపే తప్పులు కావు. అంకెలు చెరిగిపోయేట్టుంటే సెంటర్ పంచ్‌తో సాకెట్ మీద చుక్కలు కొట్టుకోండి, బిట్టు మీద మాత్రం ఎప్పుడూ కొట్టొద్దు, పగులు అక్కడే మొదలవుతుంది. పలకల కొలత తగ్గడం, మూడు కొలతలూ కలవకపోవడం, వాలు ఎక్కువ ఉండటం, బిట్టు సాకెట్‌లో కదలడం, ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి 5, 6, 8, 10 బిట్లలో కనపడ్డా సెట్టు మొత్తం పంపేయండి. రోజూ వాడేవి అవే. 9 లో లోపం ఉంటే నేను ఉంచుకుంటాను. జీవితకాల వారంటీ అని రాసిన సెట్టు కొనేముందు, బిట్టు విరిగితే ఎక్కడికి తీసుకెళ్ళాలో షాపువాణ్ణి అడగండి. ఒంగోలులోనే మార్చి ఇచ్చేవాళ్ళుంటే ఆ మాటకి విలువ ఉంది.

నెగ్గిన సెట్టుని పనికి తీసుకెళ్ళాక కూడా బోల్టు గుంట శుభ్రం చేయకుండా బిట్టు పెట్టొద్దు. గుంట అడుగున ఒక్క మిల్లీమీటరు స్లర్రీ ఉన్నా, ఎం8 లో నాలుగో వంతు పట్టు పోయినట్టే. గోనె సంచులు కుట్టే దబ్బనంతో ఆరు మూలలూ గీకి, ఎయిర్ గన్నుతో ఊది, బిట్టు అడుగు తాకిందో లేదో చూడండి. తాకితే ఠక్కుమని గట్టిగా చేతికి తెలుస్తుంది, స్లర్రీ మీద ఉంటే మెత్తగా ఉంటుంది. అప్పుడు కూడా రాచెట్‌తో కాకుండా పొడుగు హ్యాండిల్‌తో మొదటి బిగువు విడగొట్టండి, రెండో చేత్తో సాకెట్‌ని బోల్టు వైపు నొక్కి పట్టుకుని.

సాయంత్రం పెట్టెలో పెట్టేముందు నూనె గుడ్డతో ఒకసారి తుడవండి. సముద్రం వైపు పనిచేసేవాళ్ళకి ఇది ఇంకా అవసరం, నల్లటి బిట్లకి పూత పలచన కాబట్టి ఉప్పుగాలికి రాత్రికి రాత్రే తుప్పు పొడ వస్తుంది. ఇంకా, బిట్టు మార్చుకునే రకం సెట్టు అయితే 5, 6, 8 విడి బిట్లు ఒక్కొక్కటి సెట్టుతో పాటే కొనిపెట్టుకోండి. ముందు అరిగేవి అవే, తర్వాత అదే కంపెనీ బిట్టు మన షాపుల్లో దొరుకుతుందన్న నమ్మకం లేదు.